డ్రైవరు బిగించని నట్టు

మా పక్క క్వార్టర్సులో ఉండే అమ్మాయి ఈ ఏడాది ఐటీఐలో టర్నర్ ట్రేడు, అంటే లేతు మిషను పని, పూర్తిచేసింది. పటాన్‌చెరులో ఒక బండ్ల రిపేరు షెడ్డులో పని దొరికిందని, నేనూ అలాంటి షెడ్డులోనే చేశాను కాబట్టి ఆ పని ఎలా ఉంటుందో చెప్పమని మా ఇంటికి వచ్చింది. నేను ఎదుటి మనిషికి నాలుగు మాటలు వరసగా చెప్పలేను. టీ ఇచ్చి, "బాగానే ఉంటుంది" అని పంపించేశాను. ఆ అమ్మాయి మెట్లు దిగి వెళ్లాక నా మీద నాకే కోపం వచ్చింది. బాగా ఉండదు. ఎందుకు ఉండదో నోటితో చెప్పలేను కాబట్టి రాస్తున్నాను.

వృత్తి అనుభవాలు రాసేవాళ్లు సాధారణంగా సన్మానాలు చేయించుకుని, శాలువా మడిచి బీరువాలో పెట్టుకున్నాక రాస్తారు. నాకు ముప్ఫై ఇంకా రాలేదు. నాకెవరూ శాలువా కప్పలేదు. కానీ నేను నేర్చుకున్న పనికి మళ్లీ వెళ్లను. ఆ లెక్కన నేనూ రిటైరయినట్టే.

పని అంటే

బస్సయినా లారీ అయినా వెనక ఇరుసు కొన దాదాపు ఒకేలా ఉంటుంది. ఇరుసు మీద బేరింగులు, వాటి మీద హబ్బు, హబ్బుకు చక్రం. ఇవన్నీ బయటికి జారిపోకుండా ఆపేది ఇరుసు కొనకు కోసిన మర, ఆ మర మీద బిగించిన పెద్ద నట్టు. దాని మీద ఒక తాళం రేకు, ఆ పైన ఇంకో నట్టు. అంతే. మర చుట్లను మా షెడ్డులో చూడీలు అంటారు. అవి బాగున్నంతకాలం ఎవరూ వాటిని తలుచుకోరు. బేరింగు ఎండి పట్టేసినప్పుడు, సరైన పానా లేక ఎవడో నట్టుకు ఉలి పెట్టి సుత్తితో కొట్టినప్పుడు అవి చెడిపోతాయి. అప్పుడు బండి మా దగ్గరికి వచ్చేది.

నాకు పని నేర్పింది మల్లేశం కాక. సంగారెడ్డి దగ్గర వాళ్లకు పొలం ఉండేది. అది ఫ్యాక్టరీల గోడల లోపలికి పోయాక లేతు మీదికి వచ్చాడు. నేను చేరిన కొత్తలో ఒక కంకర టిప్పరు వచ్చింది. ఇరుసు కొనన చూడీలు సుత్తి దెబ్బలకు నలిగి ఉన్నాయి. వాటిని సరిచేయడానికి నేను ఆకురాయి తీసుకుని కొన నుంచి మొదలుపెట్టాను. కాక నా మణికట్టు పట్టుకున్నాడు.

"ఏడికెల్లి మొదలుపెడుతున్నవ్ బిడ్డా?"

"కొన నుంచి కాకా."

"కొన ఖరాబైంది గద. ఖరాబైన కాడికెల్లి పోతె మంచిగున్నది గుడ ఖరాబైతది. లోపల మంచి చూడీలున్నయి సూడు. గవాటిని పట్టుకోని బయటికి రావాలె."

పాత నట్టు ఒకటి వెతికి, రంపంతో రెండు చెక్కలుగా కోశాడు. లోపలి అంచున గాళ్లు పెట్టాడు. ఆ రెండు చెక్కలనూ లోపలి మంచి చూడీల మీద కూర్చోబెట్టి, క్లాంపు బిగించి, నూనె పోసి, వెనక్కి తిప్పమన్నాడు. నేను తిప్పుతుంటే నలిగిన అంచులు కొద్దికొద్దిగా లేచి నిలబడ్డాయి. నట్టు చెక్కల మధ్య నుంచి నల్లటి నూనెతో సన్నటి ఇనుప పొట్టు కారింది. చివర కొత్త నట్టు వేళ్లతో తిప్పితే చాలు, ఎక్కింది. ఆ రోజు షెడ్డు నుంచి ఇంటికి నడిచి వెళ్లాను, ఆటో ఎక్కబుద్ధి కాలేదు. ఆ పనిలో అటువంటి సంతోషం ఉంది. లేదని చెప్పను.

అన్ని చూడీలూ అలా లేవవు. లోపల మంచివే మిగలకపోతే ఇరుసును బండి నుంచి విప్పాలి. చెడిపోయిన మరంతా చెక్కేయాలి. ఇనుమును వేడిచేసి, వెల్డింగు పోసి, బూడిదలో కప్పి నిదానంగా చల్లారనిచ్చి, లేతు మీద కొత్తగా మర కొయ్యాలి. లేదా ఇరుసు మార్చాలి. రెండింటికీ రోజులు పడతాయి. బండి ఓనర్లు రోజులు ఇవ్వరు. ఈ ఫ్యాక్టరీల బెల్టులో చెడిపోయిన రిపేర్లలో పని రానివాళ్లు చేసినవి కొన్నే. పని వచ్చినవాళ్లతో తొందరపెట్టి చేయించినవే ఎక్కువ.

కంది దగ్గర ట్యాంకరు

మల్లేశం కాక పొరపాటు కూడా ఒకటి చెప్పాలి, ఎందుకంటే దాని నుంచి నేను ఎక్కువ నేర్చుకున్నాను.

ఒక నీళ్ల ట్యాంకరు ఇరుసు మర బాగా అరిగిపోయింది. కాక దాన్ని కొంచెం సన్నగా చెక్కి, సన్న మర కోసి, దానికి సరిపోయే నట్టు లేతు మీద ప్రత్యేకంగా తయారుచేశాడు. మంచి పని. అతుకు లేదు, వెల్డింగు లేదు. కానీ ఆ నట్టు మామూలు నట్టు కాదని ఇరుసు మీద ఎక్కడా గుర్తు పెట్టలేదు. ట్యాంకరు డ్రైవరుకు నోటితో చెప్పాడు. డ్రైవర్లు మారతారు. కొన్నాళ్లకు వేరే షెడ్డులో హబ్బు విప్పినవాళ్లు ఆ నట్టు పాతదని పారేసి, బజారు నట్టు పెట్టారు. అది కొంచెం వదులుగా ఎక్కింది. వదులుగా ఎక్కితే సుళువుగా ఎక్కిందనుకున్నారు. కంది దాటాక చక్రం ఊడి, రోడ్డు పక్క మక్కజొన్న చేనులోకి దొర్లింది. ఎవరికీ ఏమీ కాలేదు.

కబురు తెలిసి కాక సైకిలు మోటారు మీద వెళ్లి ఆ చేను గట్టు మీద చాలాసేపు కూర్చున్నాడు. నేనూ వెనక కూర్చుని వెళ్లాను. విరిగిన మక్క కర్రల మధ్య చక్రం పడి ఉంది.

"కాకా, తప్పు వాళ్లది. నీది కాదు" అన్నాను.

"చెప్పేది నోటితోటి చెప్తె సాలదు బిడ్డా. ఇనుము మీద చెప్పాలె" అన్నాడు.

అప్పటి నుంచి సన్న మర కోసిన ప్రతి ఇరుసు కొనకూ ఆయన పంచి పెట్టి సుత్తితో గుర్తు కొట్టేవాడు. ఆ మనిషి ఎలాంటివాడో తెలియాలని ఇది చెప్పాను. తర్వాత చెప్పబోయేది చదివితే ఆయన్ని చెడ్డవాడనుకోవడం తేలిక.

మన పిల్ల

ఓనరు రాఘవరావు గారు. మా నాన్నలాగే ఆయనా కోస్తా నుంచి ఇక్కడి ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చినవాళ్ల కుటుంబం. తర్వాత సొంత షెడ్డు పెట్టుకున్నారు. నాన్నకు తెలిసినవారు కాబట్టే నాకు పని ఇచ్చారు. "హారిక మన పిల్ల" అనేవారు. బయటివాళ్లు వస్తే నన్ను లేతు దగ్గర నిలబెట్టి, "మా దగ్గర ఆడపిల్ల మర కోస్తుందండి" అని చూపించేవారు. వాళ్లు ఫోటో తీసుకునేవారు. వాళ్లు వెళ్లగానే, "బిల్లులు కొట్టాలి, కంప్యూటరు దగ్గరికి రామ్మా" అనేవారు.

ఆయన దుర్మార్గుడు కాదు. నన్ను ఎప్పుడూ కసరలేదు. బాత్రూముకు తలుపు పెట్టించమని నేను అడగలేక నెలలు గడిపితే, ఎవరో చెప్పగానే పెట్టించారు. మెత్తగా మాట్లాడే ఓనరును ఎదిరించడం కష్టం. అరిచేవాడయితే మనకూ అరవడానికి వీలుంటుంది. ఆయన "చూడమ్మా" అని మొదలుపెట్టేవారు. ఆ మాట విన్నాక నేను చెప్పాలనుకున్నది గొంతులోనే ఉండిపోయేది.

షెడ్డులో ఒక ఆచారం ఉండేది. ఇరుసు పని అయిపోయి హబ్బు ఎక్కించాక, బయటి నట్టుకు ఆఖరి పట్టు ఆ బండి డ్రైవరే పట్టాలి. పొడుగు గొట్టం తొడిగిన పానా డ్రైవరు చేతికిస్తారు. అతను దేవుడికి దండం పెట్టుకుని బిగిస్తాడు. తర్వాత టైరు కింద నిమ్మకాయ. ఇది ఎప్పుడు మొదలయిందో ఎవరికీ తెలియదు. డ్రైవరు పట్టకపోతే బండి గేటు దాటకూడదు. మొదట్లో నాకు ఆ ఆచారం చాలా నచ్చింది. బండి నడిపేవాడు తన బండిని తన చేత్తో మూసుకుంటున్నాడు అనుకునేదాన్ని. తర్వాత అర్థమయింది. ఏదన్నా అయితే, "ఆఖరి పట్టు నువ్వే పట్టావు కదయ్యా" అనడానికి అది ఓనరుకు పనికొచ్చేది.

బొల్లారం బస్సు

యాదగిరన్న బొల్లారంలో ఒక మందుల ఫ్యాక్టరీకి షిఫ్టు బస్సు నడిపేవాడు. బస్సు కాంట్రాక్టరుది. సంగారెడ్డి నుంచి మొదలై, దారిలో మనుషుల్ని ఎక్కించుకుంటూ వెళ్లేది. ఆయన మా షెడ్డుకు ఎప్పుడు వచ్చినా నా దగ్గర ఆగి ఏదో ఒకటి అనేవాడు. "ఏం చెల్లె, ఇయ్యాల గుడ మూగనోమేనా?" అనేవాడు. నేను నవ్వితే, "నవ్వింది, ఇగ నా బండి మంచిగైతది" అనేవాడు. చాలా ఏళ్లు అడ్డా మీద బండ్లకు తిరిగి, ఈ బస్సు దొరికాక పర్మినెంటులాంటి డ్యూటీ దొరికిందని ఇస్మాయిల్‌ఖాన్‌పేట అమ్మవారికి మొక్కు తీర్చుకున్నాడు. ఆ ప్రసాదం మా అందరికీ పంచాడు.

ఒక పొద్దున ముత్తంగి దగ్గర ఆ బస్సు వెనక చక్రం బేరింగు పట్టేసింది. రోడ్డు పక్క మెకానిక్కు ఎవరో ఉలి, సుత్తితో నట్టు ఊడగొట్టాడు. బస్సును ఈడ్చుకుని మా షెడ్డుకు తెచ్చారు. నేను ఇరుసు కొన తుడిచి చూశాను. బయటి చూడీలు నలిగిపోయాయి. లోపలివి వేడికి నీలం తిరిగి, చిరిగి, కొన్నిచోట్ల అసలు లేవు. పట్టుకుని బయటికి రావడానికి మంచి చూడీ ఒక్కటి కూడా లేదు. ఇరుసు విప్పాలి లేదా మార్చాలి. మల్లేశం కాకకు చూపించాను. ఆయన వేలితో తడిమి, "అవును. ఇప్పాలె" అన్నాడు.

రాఘవరావు గారు ఫోనులో కాంట్రాక్టరుతో మాట్లాడి వచ్చారు.

"మధ్యాహ్నం షిఫ్టుకి బండి కావాలంటున్నాడు."

"సార్, చూడీలు మొత్తం పోయినయి" అన్నాడు కాక.

"తెలుసయ్యా. ప్రస్తుతానికి నడిచేలా చెయ్యి. వచ్చే నెల సర్వీసులో విప్పుదాం. స్పేరు బస్సు లేదట. ఈ కాంట్రాక్టు బళ్లన్నీ మన దగ్గరికే వస్తున్నాయి, గుర్తుంది కదా."

కాక కొంచెంసేపు చేతులు తుడుచుకున్నాడు. తర్వాత వెల్డింగు హోల్డరు తీశాడు.

ఇరుసును బస్సు మీదే ఉంచి, చూడీలు పోయినచోట వెల్డింగు ముద్దలు పెట్టాడు. ముక్కోణపు ఆకురాయితో వాటిలో గాళ్లు గీశాడు. లోపలి నట్టు వేసి చూస్తే వదులుగా ఎక్కింది. పలచటి ఇత్తడి రేకు కత్తిరించి, నట్టు లోపల చుట్టి, మళ్లీ ఎక్కించాడు. ఇప్పుడు బిగుతుగా ఎక్కింది. రేకు ఇరుక్కోవడం వల్ల వచ్చిన బిగుతు అది. చూడీలు పట్టుకోవడం వల్ల వచ్చింది కాదు. పానా పట్టినవాడి చేతికి రెండూ ఒకేలా ఉంటాయి. ఈ సంగతి నాకు నేర్పింది ఆయనే.

"కాకా, ఇది నువ్వు చేసే పని కాదు" అన్నాను.

"నాకు దెల్వదా?"

"మరి?"

"నాకింక రెండు మూడేండ్లు నౌకరి గావాలె బిడ్డా. నీకైతె ఇంకో తాన పని దొరుకుతది. నన్నెవడు వెట్టుకుంటడు?" ఆకురాయి నుంచి తల ఎత్తకుండానే అన్నాడు. "పో, బిల్లులు రాసుకో పో."

నేను వెళ్లలేదు. హబ్బు ఎక్కింది. దాని మీద లోపలి నట్టు బిగించి తాళం రేకు పెట్టారు. బయటి నట్టు కూర్చుంది. రాఘవరావు గారు యాదగిరన్నను పిలిచారు. "రా యాదగిరీ, ఆఖరి పట్టు పట్టు. టైమవుతోంది."

యాదగిరన్న చెప్పులు విడిచి వచ్చాడు. పానా అందుకున్నాడు. దండం పెట్టుకోబోతూ నన్ను చూశాడు. నా మొహంలో ఏముందో నాకు తెలియదు.

"ఏంది చెల్లె?"

నేను నట్టు వైపు చూశాను.

"పట్టుమంటవా?"

షెడ్డులో లేతు ఆగి ఉంది. అందరూ నావైపు చూస్తున్నారు.

"వద్దన్నా."

"వద్దా?"

"లోపల చూడీల్లేవు. రేకు చుట్టి బిగించారు. బయటికి జారొచ్చు."

"చూడమ్మా," అన్నారు రాఘవరావు గారు. ఆ ఒక్క మాట అని ఆగిపోయారు. తర్వాత డ్రైవరు వైపు తిరిగారు. "యాదగిరీ, మల్లేశం ఎన్ని ఇరుసులు చూశాడో నీకు తెలుసు. ఆ పిల్ల భయపడుతోంది, అంతే."

యాదగిరన్న కాక వైపు చూశాడు. "మల్లేశమన్నా, నువ్వు చెప్పు. పట్టాల్నా?"

కాక గుడ్డతో చేతులు తుడుచుకుంటూనే ఉన్నాడు. "సార్ చెప్పిండు గద" అన్నాడు.

"సార్ ముచ్చట సార్ చెప్పిండు. నువ్వు చెప్పు."

కాక గుడ్డ మడిచి జేబులో పెట్టుకున్నాడు. యాదగిరన్న పానాను బస్సు మెట్టు మీద పెట్టి చెప్పులు తొడుక్కున్నాడు. "నేను పట్ట సార్. నా యెనక బస్సు నిండ మంది గూసుంటరు. ఆడివిల్లలే సగం."

కాంట్రాక్టరుకు ఫోను వెళ్లింది. కాసేపటికి ఆటోలో ఇంకో డ్రైవరు దిగాడు. గుట్కా నములుతూ, ఒక చెవికి ఫోను ఆనించుకునే, ఒంటి చేత్తో నట్టు పట్టాడు. నిమ్మకాయ నలిపి బస్సు వెళ్లిపోయింది. మధ్యాహ్నం షిఫ్టుకు అందిందని తర్వాత విన్నాను. యాదగిరన్నను మర్నాటి నుంచి డ్యూటీకి రావద్దన్నారు.

ఏమీ జరగలేదు

మీరు ఇప్పుడు బస్సు బోల్తాపడిందని చెబుతానని చూస్తుండవచ్చు. ఏమీ జరగలేదు. బస్సు రోజూ నడిచింది. మా షెడ్డు ముందు నుంచే వెళ్లేది. కొత్త డ్రైవరు నన్ను చూస్తే హారను కొట్టేవాడు. టీ తాగడానికి ఆగితే, "ఏం మేడం, చక్రం ఇంక ఊడలేదేంది? జెర తారీఖు చెప్తె సెలవు వెట్టుకుంట" అనేవాడు. అక్కడున్నవాళ్లు నవ్వేవారు. నన్ను లేతు దగ్గరికి రానివ్వడం మానేశారు. ఎవరూ కసరలేదు. "బిల్లులు చాలా ఉన్నాయమ్మా" అన్నారు, అంతే.

యాదగిరన్న కిరాయి ఆటో నడపడం మొదలుపెట్టాడు. ఒకరోజు షెడ్డు గేటు దగ్గర ఆపి నన్ను బయటికి పిలిచాడు.

"బస్సు మంచిగనే నడుస్తుంది గద చెల్లె?"

"నడుస్తోందన్నా."

"నువ్వు జారుతదంటివి."

"జారొచ్చు అన్నాను."

"జారొచ్చు! మా ఇంటిది రోజు అడుగుతది, ఆ పిల్ల జారొచ్చన్నందుకు నువ్వెందుకు జారినవ్ అని. ఏం చెప్పాలె?"

ఆయన కోపంగా వెళ్లలేదు. అదే ఎక్కువ బాధగా ఉంది. ఆయన నామీద ఉన్న నమ్మకంతో పానా పెట్టేశాడు. ఆ నమ్మకం తప్పు కాదని చెప్పడానికి నాకున్న ఒకే ఒక్క సాక్ష్యం, ఆ చక్రం ఊడటం. కొన్ని సాయంత్రాలు ఆ బస్సు ఆలస్యమయితే గేటు దగ్గరికి వచ్చి నిలబడేదాన్ని. కనిపించగానే, ఇంకా ఊడలేదే అని మనసు చివుక్కుమనేది. ఆ బస్సు కిటికీల్లో నా వయసు అమ్మాయిలు తలలు వాల్చి నిద్రపోతూ కనిపించేవారు. ఈ పని మనుషుల్ని అంత నీచంగా ఆలోచించేదాకా తీసుకెళ్తుంది. ఎవరూ ఈ ముక్క ముందుగా చెప్పరు.

సర్వీసులో ఇరుసు విప్పుదామన్న నెల వచ్చింది, పోయింది. ఎవరూ విప్పలేదు. నడుస్తున్న బండిని ఎవరు ఆపుతారు?

తెరిచిన రోజు

చివరికి బ్రేకు లైనింగుల కోసం ఆ బస్సు వచ్చింది. హబ్బు విప్పితే గానీ లైనింగులు మార్చలేరు. మల్లేశం కాకే విప్పాడు. నేను బిల్లుల గదిలోంచి లేచి వెళ్లి ఆయన వెనక నిలబడ్డాను. వెళ్లమనలేదు.

బయటి నట్టు వచ్చింది. లోపలి నట్టుకు పానా పెట్టనే అక్కర్లేదు, చేత్తో లాగితే జారి వచ్చేసింది. నట్టుతోపాటు తెగిపోయిన చూడీలు స్ప్రింగు ముక్కల్లా వచ్చాయి. ఇత్తడి రేకు నలిగి పొడి అయింది. వెల్డింగు ముద్దలు ఒక్కటి తప్ప అన్నీ రాలిపోయాయి. బయటి నట్టు ఆ ఒక్క ముద్ద మీద ఆగి ఉంది. అదీ నెర్రెలిచ్చింది.

కాక ఆ నట్టును చాలాసేపు అరచేతిలో పట్టుకున్నాడు.

"సూసినవ్ గద బిడ్డా" అన్నాడు. నట్టు కింద పెట్టి, "నువ్వు సూసినవ్, నేను సూసిన. సాలు" అన్నాడు.

రాఘవరావు గారు వచ్చి చూసి తెల్లబోయారు. ఒక్క నిమిషమే. వెంటనే కొత్త ఇరుసుకు ఫోను చేశారు. కాంట్రాక్టరుతో ఆయన మాట్లాడింది నేను విన్నాను. "మావాళ్లు ముందే కనిపెట్టారండి. బ్రేకులకి వచ్చిందని వదిలెయ్యలేదు, ఇరుసు కూడా చెక్ చేశారు. మీ అదృష్టం" అన్నారు. ఆ కొత్త ఇరుసు బిల్లు నాచేతే కొట్టించారు. బిల్లు ఆయన బల్ల మీద పెట్టి, రేపటి నుంచి రానని చెప్పాను. "ఎందుకమ్మా?" అన్నారు. నిజంగానే అర్థంకానట్టు అడిగారు. నేను గేటు దాటి బయటికి వచ్చేశాను.

ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పగలిగింది కొంచెమే. చూడీ పోయిన చోట నుంచి మొదలుపెట్టకండి. మామూలుది కాని నట్టు పెడితే ఇరుసు మీద గుర్తు కొట్టండి. నట్టు బిగుసుకున్నంత మాత్రాన నమ్మకండి. ఈ మూడూ నేర్చుకోవడం తేలిక, నేర్పేవాళ్లు కూడా దొరుకుతారు. కానీ "వద్దు" అని మీరు అన్నప్పుడు, ఆ మాటకు కట్టాల్సిన ధర మీరొక్కరే కట్టరు. మీ మాట విన్నవాళ్లు ముందు కడతారు. మీరు చెప్పింది నిజమని తేలినా వాళ్లు కట్టింది తిరిగి రాదు. అయినా వద్దనాలా అని అడిగితే, అనాలి. ఎందుకని అడిగితే, ఆ కిటికీల్లో నిద్రపోయే అమ్మాయిల్ని చూశాను కాబట్టి. ఇందులో తృప్తి ఏదో మిగులుతుందని మాత్రం అనుకోకండి.

పని మానేసిన మర్నాడు కాంట్రాక్టరు ఆఫీసుకు వెళ్లాను. ఎవరి ఆఫీసుకైనా పని మీద ఒంటరిగా వెళ్లి మాట్లాడటం అదే మొదటిసారి. విప్పిన ఇరుసు ఎలా ఉందో, ఆ రోజు యాదగిరన్న ఎందుకు పట్టలేదో చెప్పాను. ఆయన శ్రద్ధగానే విన్నాడు. కుర్చీ వేయించాడు.

"నిజమే అనుకుందాం అమ్మా. మా బస్సు బతికింది, మంచిదే. కానీ డ్రైవరు బండి తియ్యనని పానా కిందపెట్టిండు. గట్లాంటోన్ని నేనెట్ల వెట్టుకుంట? రేపు ఇంకో బండి కాడ ఇంకోటి అంటడు. నాకు బండి తీసేటోడు గావాలె. బండిని పరీక్ష జేసేటోడు గాదు."

"ఆయన అనుమానమే నిజమయింది కదండీ."

"అందుకే ఇంక కష్టం" అన్నాడు. "ఒకసారి మాట నిజమైనోడు ఊకుంటడా?"

పటాన్‌చెరు బస్టాండు బయట యాదగిరన్న ఆటో కనిపించింది. "ఇస్నాపూర్, ఇస్నాపూర్" అని అరుస్తున్నాడు. నన్ను చూసి అరుపు ఆపాడు. నట్టు జారి వచ్చిన సంగతి, రాలిపోయిన ముద్దల సంగతి, కొత్త ఇరుసు సంగతి చెప్పాను. ఆయన మొహం చూస్తుండగానే మారిపోయింది.

"చేత్తోటి గుంజితె వచ్చిందా?"

"అవునన్నా."

"మల్లేశమన్న సూసిండా? సార్ సూసిండా?"

"అందరూ చూశారు."

"ఎక్కు చెల్లె" అన్నాడు. ఆటోలో అప్పటికే కూర్చున్న ఇద్దర్ని దింపేశాడు. "మా ఇంటిదానికి నువ్వే చెప్పాలె. నేను చెప్తె నమ్మది." దారి పొడుగునా మాట్లాడుతూనే ఉన్నాడు. ఇన్నాళ్లూ తన తోటి డ్రైవర్లు ఏమన్నారో, బావమరిది ఎలా నవ్వాడో చెప్పాడు. ఇప్పుడు వాళ్ల మొహాలు చూడాలన్నాడు. నేను వింటూ కూర్చున్నాను. కాంట్రాక్టరు అన్న మాట చెబుదామని మధ్యలో ఒకటి రెండుసార్లు నోరు తెరిచాను.

వాళ్ల వాకిట్లోకి నీళ్ల ట్యాంకరు పైపు వచ్చి ఉంది. ఆయన భార్య డ్రమ్ములు నింపుతోంది. "ఏమే, ఇగో, షెడ్డు పిల్ల. ఏం చెప్తదో ఇను" అన్నాడు. నేను చెప్పాను. ఆమె పైపు ఒక డ్రమ్ములోంచి తీసి ఇంకో డ్రమ్ములో పెట్టి, నా మాట పూర్తయ్యేదాకా వింది.

"అంటే ఈనెది తప్పు లేనట్టే."

"లేదక్కా. ఆయన పట్టకపోవడమే మంచిదయింది."

"మంచిది" అంది. కొంగుతో చేతులు తుడుచుకుంది. మొహంలో ఏదో వెలుగు వచ్చింది. "మరి డ్యూటీకి ఎప్పటికెల్లి రమ్మన్నరు?"

యాదగిరన్న కూడా అదే అడుగుతున్నట్టు, నవ్వుతూ నావైపు తిరిగాడు.